మెరుగు మేస్త్రి, మూతల మిషను

గొప్పవాళ్ల చరిత్రలు వాళ్లు పుట్టిన ఘడియ దగ్గర మొదలవుతాయి. మెరుగు మేస్త్రి చరిత్ర ఒక ఇత్తడి కుళాయి దగ్గర మొదలవుతుంది. చదువుకీ తనకీ పొసగక, పద్నాలుగో ఏట కుళాయిలు పోతపోసే కార్ఖానాలో చేరాడు. అక్కడ అతనికిచ్చిన పని ఒక్కటే: పోతలోంచి గరుకుగా వచ్చిన కుళాయిని రుద్దడం. రుద్దింది తీసుకెళ్లి యజమానికి ఇస్తే, ఆ పెద్దమనిషి దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని పళ్లికిలించేవాడు. పళ్లు కనిపిస్తే పాసు. పుచ్చుపన్ను కూడా కనిపిస్తే ఫస్టు క్లాసు. ఆరేళ్లపాటు ఒక మనిషి పుచ్చుపన్నుని ఇత్తడిలో చూపించడానికి పాటుపడిన చెయ్యి, ఆ తరవాత లోకంలో ఎక్కడ గరుకు తగిలినా ఓర్చుకోలేకపోయింది.

ఆ చేత్తోనే ఆస్పత్రి రిపేరు షెడ్డులో ఉద్యోగానికి చేరాడు. షెడ్డంటే ఆస్పత్రి వెనకాల, దుప్పట్లుతికే గదికీ జనరేటరుకీ మధ్య ఇరుక్కున్న రేకుల గది. ఒకవైపు నుంచి సబ్బు ఆవిరి, ఇంకోవైపు నుంచి డీజిలు పొగ. మధ్యలో ఒక లేతు మిషను, గోడకి కొట్టిన మేకులకి సైజుల వారీగా వేలాడే ఆకురాళ్లు. విరిగిన మంచాల కాళ్లు అతకడం, మొరాయించిన ట్రాలీ చక్రాలకి బుద్ధి చెప్పడం, ఊడిన తలుపు గడియలు బిగించడం అతని ఉద్యోగధర్మం. అతికిన చోట అతుకు కనపడకుండా రుద్దడం అతని స్వధర్మం. ఒకసారి ప్రసూతి వార్డులో మంచానికి కాలు అతికిస్తే, ఆ ఒక్క కాలూ ధగధగా మెరిసి, తక్కిన మూడు కాళ్లూ తలదించుకునే పరిస్థితి వచ్చిందట. అప్పట్నుంచీ అతను మెరుగు మేస్త్రి.

ఇదిలా ఉండగా మేస్త్రికి ఇంకో జబ్బుంది. ఎవరూ అడక్కుండానే కొత్త పరికరాలు కనిపెట్టడం. అన్ని రకాల డాక్టర్లూ ఉన్న ఆస్పత్రిలో ఉంటూ కూడా ఈ జబ్బుకి మందు సంపాదించుకోలేకపోయాడు.

వార్డులో రోగి పక్కన కూర్చున్న చుట్టాలు, సెలైన్ సీసా ఎప్పుడైపోతుందోనని రెప్ప వెయ్యకుండా దానికేసి చూస్తూ ఉండడం గమనించాడు. సీసా తేలికైన కొద్దీ పైకి లేచి, చివరికి బ్యాటరీ గంట మోగించే స్ప్రింగు కొక్కెం చేశాడు. ల్యాబులో ట్యూబుల్లోని రక్తం గడ్డకట్టకుండా వాటిని మెల్లిగా అటూ ఇటూ ఒంచుతూ కూర్చోవడం ఒక మనిషికి పెద్ద పనైపోతోందని విని, పాత కారు వైపరు మోటారుతో ట్యూబుల ఉయ్యాల చేశాడు. గాజు స్లైడులు ఆరబెట్టే దువ్వెనలాంటి స్టాండు ఒకటి, చేతులు వణికే ముసలివాళ్లు ఒలకబోసుకోకుండా మందు తాగే గ్లాసు ఒకటి. ఇలా పది. పదీ పనిచేసేవే. పదింటిలోనూ ఎవరి పళ్లు వాళ్లు చూసుకోవచ్చు.

సూపరింటెండెంటు గారు చాలా మంచివారు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఒక నాలుగో తరగతి ఉద్యోగి ఇంత పనితనం చూపిస్తే, దాన్ని వార్డులో పడేసి నలుగురి చేతుల్లో పాడుచెయ్యడమా అని ఆయన మనసు ఒప్పుకునేది కాదు. తన గదిలో కుర్చీ వెనకాల పెద్ద అద్దాల బీరువా చేయించారు. పరికరం తయారైన వారం లోపు ఆయన కంట పడేది. పడగానే చిన్న మీటింగు, నాలుగు మంచిమాటలు, చప్పట్లు, తరవాత బీరువా, తాళం. పైనుంచి ఎవరొచ్చినా ఆ బీరువా చూపించి, "మా మేస్త్రి చేసినవండీ" అని ఆయన నిజంగానే పొంగిపోయేవారు. సెలైన్ గంటకి ఖాళీ సీసా తగిలించి పెట్టడంతో అది ఆగకుండా మోగిందట. బ్యాటరీ తీసేశారు. వార్డులో చుట్టాలు మాత్రం రెప్ప వెయ్యకుండా సీసాకేసి చూస్తూనే ఉన్నారు.

మేస్త్రికి ఇందులో బాధేమీ కనపడలేదు. అద్దం వెనకాల తన వస్తువులు మెరుస్తుంటే, ఆ దారిన ఏ పనీ లేకపోయినా రెండుసార్లు వెళ్లొచ్చేవాడు.

బాధ అక్కయ్య రూపంలో వచ్చింది.

మేస్త్రి అక్క అదే ఆస్పత్రి ల్యాబులో ఇరవై రెండేళ్లుగా టెక్నీషియను. ఆస్పత్రి మొత్తానికీ ల్యాబక్కయ్య. మైక్రోస్కోపులో కన్ను పెట్టిందంటే, మిషను 'అంతా బాగానే ఉంది' అని కాగితం కక్కిన రక్తపు చుక్కలో కూడా, దాక్కున్న పురుగుని చెవి పట్టుకుని బయటికి లాగేది. డాక్టర్లు మిషను కాగితం చూసి, "అక్కయ్య చూశారా?" అని అడిగి మరీ మందు రాసేవారు.

ఇంతటి మనిషి మైక్రోస్కోపు దాకా రావాలంటే ముందు మూతలు తియ్యాలి. వార్డుల నుంచి వచ్చే ప్రతి రక్తపు ట్యూబుకీ బిగుతైన రబ్బరు మూత ఉంటుంది. ల్యాబులో ఉన్నది ముగ్గురు. ఒకరు రక్తం తీస్తే, ఒకరు మిషను దగ్గరుంటారు. మూతలు అక్కయ్య వంతు. ఇరవై రెండేళ్లు మూతలు తీసిన కుడిచేతి బొటనవేలు ఒక రోజు పొద్దున్న పళ్లు తోముకునే బ్రష్షు పట్టుకోనని చెప్పేసింది.

ఎముకల డాక్టరు వేలిని నొక్కి, తిప్పి, అక్కయ్య చేత ఒక కేక పెట్టించి తీర్పు చెప్పాడు. "నరం వాచిందమ్మా. మూతలు తియ్యడం మానాలి. రెండు నెలలు చూద్దాం. తగ్గకపోతే మిమ్మల్ని రికార్డుల గదికి మార్చమని రాయాల్సి వస్తుంది."

రికార్డుల గదంటే మెట్ల కింద, బల్బు వెలుగులో, చచ్చిపోయినవాళ్ల ఫైళ్లూ బతికినవాళ్ల ఫైళ్లూ కలిసి కాపురం చేసే చోటు. అక్కయ్య ఆ సాయంత్రం తమ్ముడింటికి వచ్చి, మరదలిచ్చిన టీ గ్లాసు ఎడమచేత్తో అందుకుని కూర్చుంది.

"ఏం వదినా, చెయ్యి మార్చారు?" అంది మరదలు.

"చేతితోపాటు గది కూడా మారుస్తారట. రిటైరయ్యేదాకా ఇంక ఎనిమిదేళ్లు ఫైళ్ల మీద దుమ్ము చూస్తూ కూర్చోవాలి. దుమ్ములో ఏ పురుగుందో చెప్పమంటే చెబుతాను గానీ, అడిగేవాడెవడు?"

నవ్వుతూనే అంది. కానీ టీ సగం వదిలేసింది. ఆవిడ టీ వదిలెయ్యడం మేస్త్రి పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"అక్కా, మూత తీసే మిషను చేస్తాను" అన్నాడు.

"చెయ్యి నాయనా. బీరువాలో ఇంకా చోటుందా?"

ఆ మాట మేస్త్రికి చురుక్కుమంది. అయినా చేశాడు. మూత అంచు పట్టుకునే రెండు దవడలు, ఒక మీట. ట్యూబులో ఎర్ర సిరా నీళ్లు పోసి మూత బిగించి, మీట నొక్కాడు. మూత ఠప్‌మని ఎగిరింది. సిరా చొక్కా మీదా, మొహం మీదా, వెనక గోడ మీదా పడింది.

అక్కయ్య తాపీగా చూసి, "ఇదే నిజం రక్తమైతే, ఇప్పుడు నీక్కూడా మూడు టెస్టులు రాసేదాన్ని" అంది. "ఒరేయ్, మూత రాకపోవడం కాదురా నా బాధ. చుక్క ఎగరకుండా రావాలి."

"నువ్వెలా తీస్తావు మరి?"

"ఎలా ఏముంది, తీస్తానంతే. అన్నం ఎలా నములుతావంటే ఏం చెబుతావు?"

దాంతో మేస్త్రి ఒక రోజు సెలవు పెట్టి ల్యాబులో స్టూలు వేసుకుని, అక్క చేతికేసి చూస్తూ కూర్చున్నాడు. ఒక్కో మూతకీ సుద్దతో ఒక గీత. సాయంత్రానికి మూడొందల పన్నెండు గీతలు. ఆస్పత్రిలో రోగం తెలుసుకోవడానికి మనిషిని అంతసేపు చూసిన డాక్టరు ఇంతవరకూ లేడు. నూట ఎనభయ్యో గీత దగ్గర అతనికి అసలు సంగతి కనపడింది. ఆవిడ మూతని లాగడం లేదు. బొటనవేలితో ముందు ఒకవైపు వెంట్రుకవాసి ఎత్తుతోంది. లోపలికి కాస్త గాలి పోనిస్తోంది. ఒక్క క్షణం ఆగుతోంది. అప్పుడు మూత దానంతటదే మర్యాదగా లేచి వస్తోంది.

"అక్కా, నువ్వు ఆగుతున్నావు!"

"ఎక్కడ?"

"ఒకవైపు ఎత్తాక ఆగుతున్నావు."

అక్కయ్య ఇంకో ట్యూబు తీసి, తన చెయ్యి తనే పరాయిదానిలా చూసుకుంది. "నిజమేరా. ఇదెవరు నేర్పారు నాకు?"

ఎవరూ నేర్పలేదు. ఆ వేలు తనకి తానే నేర్చుకుంది. నేర్చుకున్నందుకు వాచింది. మేస్త్రి ఆ విద్యనంతా ఇనుములోకి దించాడు. దవడల్లో ఒకటి ఇంకోదానికంటే కాస్త ఎత్తు. అందుచేత మూత ముందు ఒకవైపే లేస్తుంది, గాలి పీలుస్తుంది, ఆ తరవాతే రెండో వైపు కదులుతుంది. సిరా చుక్క కూడా ఎగరలేదు. బొటనవేలి పని లేకుండా పిడికిలి బరువు చాలు.

అక్కడితో ఆగి ఉంటే అతను మామూలు మేధావి అయ్యేవాడు. ఆగలేదు. మీటకి ఎర్రచెక్క పిడి, దవడలకి ఇత్తడి తొడుగు, అడుగున పచ్చ వెల్వెట్టు. మూడు రోజులు రుద్దాడు.

ల్యాబులో పెట్టిన నాలుగో రోజున సూపరింటెండెంటు గారు సొంత షుగరు పరీక్షకి వచ్చారు. చెయ్యి చాపి కూర్చుని, నొప్పి తెలియకుండా పక్కకి చూశారు. పక్కన ఇత్తడిలో తన మొహమే కనిపించింది.

"ఎవరిదిది?"

ఎవరిదో అడగక్కర్లేదు. మీటింగు జరిగింది. చప్పట్లు జరిగాయి. అక్కయ్య ధైర్యం చేసి, "సార్, దాన్ని రోజూ వాడుకోవాలండీ" అంది.

"చూడండమ్మా, ఇంత మంచి వస్తువు మీ తమ్ముడి గౌరవం. దాన్ని రక్తంలో ముంచుతారా?" అని ఆయన ఆప్యాయంగా మందలించి, తాళం వేశారు. పదకొండు.

ఆ రోజు మేస్త్రి బీరువా దారిన వెళ్లలేదు. షెడ్డులో లేతు మిషను పక్కన కూర్చుని, జీవితంలో మొదటిసారి ఒక ఇత్తడి ముక్కకేసి కోపంగా చూశాడు. సాయంత్రం అక్కయ్య వచ్చింది. వేలికి కట్టు.

"అక్కా, తప్పు నాదే. దాన్ని అందంగా చేశాను."

"చేశావు. ఇప్పుడు అనాకారిగా చెయ్యి. నీ వల్ల అవుతుందా?"

"చూద్దాం" అన్నాడు మేస్త్రి. ఉరిశిక్ష పడ్డవాడు కూడా ఇంతకంటే హుషారుగా చెబుతాడు.

పాత మంచం కాలు, తుప్పు పట్టిన తలుపు బందు, సైకిలు టైరు ముక్క. ఇవీ సరుకులు. వెల్డింగు అతుకులు బొబ్బల్లా పైకి లేచి కనపడుతున్నాయి. అక్కయ్య పక్కనే కాపలా కూర్చుంది. మేస్త్రి చెయ్యి మాటల మధ్యలో తనంతట తానే ఆకురాయి మీదికి వెళ్లేది.

"ఒరేయ్, మళ్లీ రుద్దుతున్నావు."

"ఈ అంచు గుచ్చుకుంటుందక్కా."

"గుచ్చుకోనీ. ఆ ఆకురాయి ఇలా ఇయ్యి."

దవడల అమరిక మాత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా అదే. పనిలో లోటు లేదు, మొహమే లేదు. దాన్ని ల్యాబులో పెట్టి, మేస్త్రి తల పక్కకి తిప్పుకుని వెళ్లిపోయాడు. తొమ్మిది రోజులు పనిచేసింది. సూపరింటెండెంటు గారు దాని పక్కనుంచే రెండుసార్లు నడిచి వెళ్లారు. అక్కయ్య వేలు బ్రష్షు పట్టుకునే దాకా వచ్చింది.

పదో రోజు తనిఖీ వస్తోందని ఆస్పత్రంతా కడిగారు. ల్యాబు ఊడ్చే ఆయమ్మ పనిలో మంచి నిక్కచ్చి మనిషి. మర్నాడు అక్కయ్య వచ్చి చూస్తే బల్ల మీద ఏమీ లేదు.

"ఆయమ్మా, ఇక్కడో ఇనప సామాను ఉండాలే?"

"అదా? తుక్కులో వేశానమ్మా. లారీ కూడా వెళ్లిపోయింది."

"అయ్యో, అది మిషనమ్మా!"

"మిషనని నాకెలా తెలుస్తుందమ్మా? దాన్ని చూస్తే, నన్నెవరైనా పారేస్తే బాగుణ్ణని అదే అడుగుతున్నట్టుంది."

రెండు నెలల్లో ఇంక మూడు వారాలు మిగిలాయి. మూతలు మళ్లీ వేలితోనే. వాపు మళ్లీ వచ్చింది. రికార్డుల గదిలో ఆవిడ కోసం ఒక కుర్చీ తుడిచి ఉంచారని ఎవరో మంచి కబురు కూడా మోసుకొచ్చారు. ఆ మధ్యాహ్నం అక్కాతమ్ముళ్లు ల్యాబులో ఎదురెదురుగా స్టూళ్ల మీద కూర్చున్నారు.

"బాగుంటే పైకి పోతోంది. బాగోకపోతే కిందికి పోతోంది" అంది అక్కయ్య. "ఈ ల్యాబులో ఎటూ పోకుండా ఉండిపోయింది ఏదైనా ఉందిరా, నేను తప్ప?"

మేస్త్రి చుట్టూ చూశాడు. రక్తం పరీక్షించే మిషను మూడుసార్లు మారింది. కుర్చీలు మారాయి. ఫ్రిజ్జు మారింది. సూపరింటెండెంట్లు అయిదుగురు మారారు. అతని చూపు తిరిగి తిరిగి, తను మోచెయ్యి ఆనించుకున్న చోటే వచ్చి ఆగింది. బరువైన పాత చెక్కబల్ల. బూడిదరంగు పెయింటు. దాన్ని ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ పారెయ్యలేదు. నిజానికి దాన్ని ఎవరూ చూడలేదు.

"బల్ల ఉందక్కా" అన్నాడు.

ఆ ఆదివారం ఇద్దరూ ల్యాబు తలుపు వేసుకున్నారు. మేస్త్రి బల్ల అంచున వేలెడంత గంటు కోశాడు. దవడలు మళ్లీ చేసి బల్ల అడుగున బిగించాడు. ట్యూబు మెడని గంటులోకి తోసి, పిడికిలితో పట్టుకుని కిందికి లాగాలి. మూత ఒకవైపు లేస్తుంది, గాలి పోతుంది, రెండో వైపు లేస్తుంది. పిడికిలి అరంగుళం దిగగానే రబ్బరు పలకకి ఆనుకుంటుంది. చుక్క తప్పిపోయి ఎగిరినా మనిషికి కాక దానికే తగిలేట్టు, పాత ఎక్స్‌రే ఫిల్ము కడిగి గాజులా చేసిన ముక్క బల్ల అంచు కింద వేలాడుతుంది. పైనుంచి చూస్తే ఎలక కొరికిన బల్ల. అంతకు మించి ఏమీ లేదు. ఆఖరున గంటు చుట్టూ అదే బూడిదరంగు పూశాడు, బ్రష్షు గీతలు కూడా పాత గీతల వాలునే పోయేట్టు. ఆ రంగు కలపడానికే రెండు గంటలు పట్టింది. అతని జీవితంలో అంత పనితనం ఎక్కడా పెట్టలేదు. ఎవరూ చూడకుండా చేసే పనికి ఎంత నేర్పు కావాలో చేసినవాడికే తెలుసు.

"నీ పేరు ఎక్కడా ఉండదురా దీనికి" అంది అక్కయ్య నెమ్మదిగా.

"పేరుకేం తక్కువక్కా? అద్దాల బీరువాలో పదకొండుసార్లుంది."

సోమవారం నుంచి బల్ల మూతలు తియ్యడం మొదలెట్టింది. రెండో వారంలో సూపరింటెండెంటు గారి దృష్టి దాని మీద పడనే పడింది. ఆయన గంటుని తడిమి, విచారంగా తల ఆడించి, షెడ్డుకి చీటీ పంపారు: 'ల్యాబు బల్ల అంచు పాడైనది. వెంటనే సరిచేయవలెను.' మేస్త్రి టేపు పట్టుకుని వెళ్లి, ఆయన చూస్తుండగా గంటుని మూడుసార్లు కొలిచి, చీటీ వెనకాల ఇలా రాసిచ్చాడు: 'పని జరుగుచున్నది.' ఆస్పత్రి కాగితాల్లో అంత పచ్చి నిజం అంతకు ముందు ఎవరూ రాయలేదు.

రెండు నెలల గడువు రోజున ఎముకల డాక్టరు వేలిని నొక్కి, తిప్పి, కేక కోసం ఎదురుచూశాడు. కేక రాలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

"వాపు లేదే! బాగా రెస్టు తీసుకున్నారన్నమాట."

"రెస్టెక్కడిదండీ. నిన్న కూడా మూడొందల పై చిలుకు ట్యూబులు."

"వేలితోనా?"

"వేలెందుకండీ" అని అక్కయ్య ఊరుకుంది. ఎముకల డాక్టరు మధ్యాహ్నం భోజనం సూపరింటెండెంటు గారితో కలిసి చేస్తాడు. మంచి సంగతి చెవిన పడితే కడుపులో దాచుకోలేని మనిషి.

డాక్టరు, ఆవిడ ల్యాబులోనే కొనసాగవచ్చని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు గానీ, మనసు ఊరుకోలేదు. మధ్యాహ్నం స్వయంగా ల్యాబుకి దిగి వచ్చాడు. మేస్త్రి అక్కడే, కిటికీ గడియ బిగిస్తున్నట్టు నించున్నాడు. డాక్టరు మిషను పక్కన చూశాడు, ఫ్రిజ్జు వెనకాల చూశాడు, గోడ అలమర తలుపులు తెరిచి చూశాడు.

"ఏదో సాధనం ఉంది. లేకపోతే ఆ వేలు తగ్గదు. ఇలాంటిది నా సర్వీసులో చూడలేదు" అన్నాడు. "ఏం మేస్త్రీ, నువ్వేమైనా చేశావా?"

"నేను కొత్తగా ఏదైనా చేస్తే తమరికి తెలియకుండా ఉంటుందాండీ?" అన్నాడు మేస్త్రి, గడియకేసి చూస్తూ.

అక్కయ్య మైక్రోస్కోపులోంచి కన్ను తియ్యలేదు. భుజాలు మాత్రం కాస్త కదిలాయి. డాక్టరు ఇంకోసారి గదంతా కలియజూసి, నిట్టూర్చి, ఆలోచనలో పడి బల్ల మీద మోచెయ్యి ఆనించుకున్నాడు. సరిగ్గా ఎలక కొరికిన చోట.